మావాడి సొంత ప్రాజెక్టులు మాన్పించాలా?

ప్రశ్న: మాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉంది. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటాడు. మిర్చి రేట్లు చూపించే యాప్ మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు, ఇప్పుడు ఏదో గేమ్ అంటున్నాడు. ఒక బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) కూడా ఉంది. ఇవన్నీ మాన్పించి హైదరాబాద్‌లో లక్ష రూపాయల ఏఐ కోర్సులో వేద్దామనుకుంటున్నాం. ఏది మంచిది?

జవాబు: అడిగింది కోర్సు గురించే అయినా మీ టెన్షన్ వేరు. అందరి పిల్లలూ ఏదో ఒక కోర్సు చేస్తున్నారు, మావాడు వెనకబడతాడేమో అని. ఈ మాట నేను వారానికి రెండుసార్లైనా వింటాను. మీవాడు వెనకబడలేదు.

ఏఐ వద్దని నేననను. మూడు నెలల్లో నేర్పేస్తామనే కోర్సుల మీదే నాకు అనుమానం. అవి చేసినవాళ్ల రెజ్యూమెల్లో మళ్లీ మళ్లీ అవే కనిపిస్తాయి: ఐరిస్ పూల రకం చెప్పే ప్రాజెక్టు, టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పే ప్రాజెక్టు. ఆ పూల కొలతలు 1936లో అచ్చయినవి, మొత్తం 150 పూలు. నేర్చుకోడానికి మంచివే. కానీ పేరు తీసేస్తే ఏ రెజ్యూమె ఎవరిదో చెప్పలేం. ఇంటర్వ్యూలో ఈ పద్ధతే ఎందుకు వాడావంటే చాలామంది నీళ్లు నములుతారు. నేర్చుకోవాలనే ఉంటే ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి.

మిర్చి యాప్ ఎందుకు ఆగిందో వాణ్ని అడిగారా? రేట్లు తెచ్చుకునే సైట్ రూపం మారితే ప్రోగ్రాం ఆగిపోతుంది. తేజ రకం మిర్చికి ఒక రేటు, వండర్‌హాట్ రకానికి ఇంకో రేటు. మార్కెట్ సెలవైతే అసలు రేటే ఉండదు, అప్పుడు సున్నా చూపాలా, నిన్నటిది చూపాలా? ఉద్యోగంలో చేరాక రోజూ తగిలే తలనొప్పులు ఇలాంటివే.

కటువుగా ఉన్నా చెప్తాను. ఫైనలియర్ ప్రాజెక్టును వేలు పోసి రెడీమేడ్‌గా కొనిపెట్టే తల్లిదండ్రులను ఎందరినో చూశాను. కొన్నదానికేమో డబ్బులు, సొంతంగా చేస్తే తిట్లు! బస్తాలో చెయ్యి పెట్టి చూడకుండా మీరు మిర్చికి రేటు కట్టరు కదా. కొడుకు చేసిన పనిని ఒక్కసారైనా చూశారా?

సగంలో ఆపడం ఈ వయసులో మామూలే. సరదాకి మొదలుపెట్టినవన్నీ వృథా కావు. ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషను కూడా గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో సరదాకే మొదలుపెట్టాడు. మీవాడు పైథాన్ కనిపెడతాడని కాదు లెండి. ఒక్కటి మాత్రం పూర్తి చేయించండి, ఆ మిర్చి యాప్‌నే. మీ ఫోన్‌లో వేయించుకుని నెలరోజులు దుకాణంలో వాడండి. తప్పు రేటు చూపిస్తే అక్కడికక్కడే చెప్పండి. గేమ్ సంగతి తర్వాత.

ఇక ఆ బ్యాక్‌లాగ్. అన్నింటికంటే ముందు అది రాయించండి, బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ పరీక్షకే కూర్చోనివ్వవు. ఏ సబ్జెక్టో మీరు రాయలేదు. డేటాబేస్ (సమాచారాన్ని దాచి, వెతికి తీసే సబ్జెక్టు) అయితే మాత్రం నాకు నవ్వొస్తుంది, యాప్ కోసం రాత్రిళ్లు వాడు కుస్తీ పట్టింది దాంతోనే అయ్యుంటుంది.