దాచమని ఇచ్చిన నిజాం నాణేలు కనిపించడం లేదు

ప్రశ్న: మా మేనమామ గారు డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళుతూ, తాతగారి కాలం నాటి నిజాం వెండి రూపాయలు 25, ఒక అష్రఫీ (నిజాం కాలపు బంగారు నాణెం) ఉన్న చిన్న స్టీలు డబ్బాను నన్ను దాచమని ఇచ్చారు. కాగితం ఏదీ రాసుకోలేదు. గత జూన్‌లో ఇల్లు మారినప్పుడు నా నగలు చేతిసంచిలో పెట్టుకుని నేనే తీసుకువెళ్లాను గాని, ఆ డబ్బా మాత్రం వంటసామానుతో పాటు లారీలో వెళ్లింది. ఇప్పుడు ఎంత వెతికినా కనిపించడం లేదు. మామయ్య సంక్రాంతికి వస్తున్నారు. ఆయనకు చెప్పకుండా అలాంటి నాణేలే కొని పెట్టేద్దామని మా వారు అంటున్నారు. చట్టప్రకారం నా బాధ్యత ఎంత?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా మీ వారి సలహా సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని నిజంగా ఇబ్బందిలో పడేసేది అదే. నిజాం రూపాయలన్నీ ఒక్కటి కావు. చార్మినారు బొమ్మ ఉన్న నాణెంలో నడిమి ద్వారం దగ్గర ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది, ‘ఐన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. వాటిపై హిజరీ సంవత్సరంతో పాటు ఆ నిజాం పాలనలో అది ఎన్నో ఏడో కూడా ముద్రించి ఉంటుంది. తండ్రి చేతి నుంచి అందుకుని, ఏళ్ల తరబడి తిప్పి తిప్పి చూసుకున్న మనిషి తన నాణేలను గుర్తుపట్టలేడని అనుకోవడం అమాయకత్వం. పైగా ఇప్పటివరకు మీ వల్ల జరిగింది అజాగ్రత్త మాత్రమే. వేరే నాణేలు పెట్టి అవే ఇవని నమ్మించబోతే అది మోసం అవుతుంది.

ఇక చట్టం విషయం. ఒకరు తిరిగి ఇవ్వాలనే షరతుతో అప్పగించిన వస్తువు గురించి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చెబుతుంది. దానిలోని 151వ సెక్షన్ ప్రకారం, సామాన్య వివేకం గల మనిషి అదే పరిమాణం, అదే విలువ గల తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త మీరు తీసుకుని ఉండాలి. మీరు పైసా పుచ్చుకోకుండా దాచిపెట్టినా, కాగితం రాసుకోకపోయినా ఈ నియమం వర్తిస్తుంది. ఆ జాగ్రత్త తీసుకున్న తరువాత కూడా వస్తువు పోతే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, బాధ్యత ఉండదని 152వ సెక్షన్ చెబుతుంది. బీరువా లాకరులో మీ నగల పక్కనే ఆ డబ్బా ఉండి, రెండూ దొంగతనంలో పోయి ఉంటే మీరు ధైర్యంగా ఆ సెక్షన్ చెప్పుకోవచ్చు. కాని మీ నగలు చేతిసంచిలో, మామయ్య అష్రఫీ గిన్నెల మధ్య ప్రయాణించాయని మీరే రాశారు. ఆ ఒక్క వాక్యం మీకు అనుకూలంగా లేదు. పరిహారం చెల్లించవలసిన బాధ్యత మీపై ఉన్నదనే నా అభిప్రాయం.

జైలు భయం మాత్రం పెట్టుకోకండి. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం నేరం కావాలంటే దురుద్దేశంతో సొంతానికి వాడుకోవడమో, అమ్ముకోవడమో జరిగి ఉండాలి. పోగొట్టుకోవడం దాని కిందికి రాదు. సివిల్ దావాకైతే ఆయన తిరిగి అడిగినప్పుడు మీరు ఇవ్వని తేదీ నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. అయినా మేనమామ, మేనకోడలు కోర్టు దాకా వెళ్లే విషయం కాదిది.

ఆయనకు ఈ వారమే ఫోను చేసి చెప్పండి. సంక్రాంతికి వచ్చాక ఎదురుగా చెప్పవచ్చులే అని ఆగితే, ప్రయాణం ముగించుకుని వచ్చిన మనిషికి పండుగ పూట చెప్పవలసి వస్తుంది. మరో కారణం కూడా ఉంది: నాణేల ఫోటోలు, సంవత్సరాల జాబితా ఉంటే అవి ఆయన దగ్గరే ఉంటాయి, అవి లేకుండా విలువ కట్టలేరు. అష్రఫీ పూర్తిదా, అరదా, పావుదా అన్నది తప్పక అడగండి, అంచనా అంతా దాని మీదే తిరుగుతుంది. పూర్తి అష్రఫీ 11.178 గ్రాముల బరువు, వెయ్యికి 910 వంతుల బంగారం. అంటే అసలు బంగారమే 10 గ్రాములు దాటుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ వెండి రూపాయి కూడా అంతే బరువు గాని వెండి వెయ్యికి 818 వంతులు, కనుక 25 రూపాయలూ ఆయన కాలం నాటివే అయితే సుమారు 229 గ్రాముల వెండి వస్తుంది. ఇది కనీస విలువ మాత్రమే. అరుదైన సంవత్సరం, అరగని ముద్ర ఉంటే సేకరించేవారు అంతకు మించి ఇస్తారు.

వెతకడం ఆపకండి. విప్పని అట్టపెట్టెలు, పప్పుల డబ్బాలు, పాత ఇంటి అటక, పనిమనిషికో పాత సామాను వాళ్లకో ఇచ్చేసిన గిన్నెలు, అన్నీ చూడండి. సామాను తరలించిన వారికి రాతపూర్వకంగా తెలియజేయండి, పోలీసు స్టేషనులో పోయిన వస్తువుగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఊరి వెండి వ్యాపారులకు కూడా చెప్పి ఉంచండి. విలువ తెలియని వారి చేతికి చిక్కిన నిజాం రూపాయి చాలాసార్లు తూకానికి అమ్ముడై కరిగిపోతుంది.

డబ్బా దొరికితే మామయ్యకు అందంగా కనిపించాలని నాణేలను చింతపండుతో తోమకండి. నల్లబడిన పైపొర పోతే సేకరించేవారి దృష్టిలో వాటి ధర పడిపోతుంది.