మలక్కాలో ఒక పూట: జోంకర్ పక్క వీధి

ప్రశ్న: మా అమ్మాయి కౌలాలంపూర్‌లో ఉంటోంది. వచ్చే నెల మేం వెళ్తే శనివారం మలక్కా అనే పాత రేవు పట్టణానికి తీసుకెళ్తానంటోంది. సాయంత్రం జోంకర్ వీధి సంత చూసి రాత్రికి తిరిగొచ్చేద్దామంటుంది. మా అత్తగారికి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టరు. అంత దూరం పోయి సంత చూసి రావడమేనా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: శనివారం మాత్రం వద్దండీ. జోంకర్ రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే పెడతారు, జనం తిరునాళ్లలా తోసుకుంటారు. అమ్మేవాటిలో సగం కీచైన్లూ ఫోను కవర్లే. వాటికోసం అత్తగారి మోకాళ్లు అరగదీయడం దేనికి? మీ అమ్మాయిని ఓ పనిదినం సెలవు పెట్టమనండి. దాదాపు 150 కిలోమీటర్లు, పొద్దున్నే బయల్దేరితే రెండు గంటల్లో అక్కడుంటారు.

కారు దిగగానే జోంకర్‌లోకి పోకుండా పక్క వీధిలోకి తిరగండి. తుకాంగ్ ఎమాస్ అంటారు, అంటే కంసాలి వీధి. అదే వీధి కాస్త ముందుకెళ్తే పేరు మార్చుకుని తొకోంగ్, అంటే చైనా గుడి వీధి అవుతుంది. అయిదు నిమిషాల నడకలో 1781 నాటి పొయ్యాత వినాయకుడి గుడి, 1748లో వెలిసిన కంపుంగ్ క్లింగ్ మసీదు, ఆపైన చెంగ్ హూన్ తెంగ్ అనే చైనా గుడి. వినాయకుడి గుడి కట్టించింది చిట్టీలు. తమిళ తీరం నుంచి వెళ్లి అక్కడి ఆడవాళ్లని పెళ్లాడిన వర్తకుల సంతతి. ఇంట్లో మాట్లాడేది మలయ్, మొక్కేది శివుడికి. మసీదుకి గుమ్మటం ఉండదు, అంతస్తులుగా పేర్చిన పెంకుల కప్పు. మీనారు చూస్తే పగోడానే అనుకుంటారు. చైనా గుడి దగ్గర తలెత్తి కప్పు అంచులు చూడండి. పువ్వులూ పక్షులూ అన్నీ పింగాణీ గిన్నెలు పగలగొట్టి ముక్కలు అతికించి చేసినవే. ఒక రేక మీద సన్నటి నీలి గీత కనిపించింది నాకు. ఎవరింట్లో అన్నం తిన్న గిన్నె అంచో!

ఇన్ని మతాలు ఒక్క వీధిలో ఎందుకు చేరాయంటే, గాలి వల్ల. నైరుతి గాలికి మనవైపు ఓడలు వచ్చేవి, ఈశాన్య గాలికి చైనా ఓడలు. సరుకు మార్చుకుని తిరుగు గాలి కోసం నెలల తరబడి కాచుకోవాలి. ఆగినవాడికి గోదాము కావాలి, గుడి కావాలి, కొందరికి కాపురమూ కావాల్సొచ్చింది. మా నాన్న బందరులో పెడన అద్దకం దుప్పట్లు అమ్మేవారు. మా తీరం బట్టలు లవంగాలకీ జాజికాయలకీ మారకంగా ఈ రేవు మీదుగానే దీవులకి పోయాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఎటు చూసినా బోర్డుల మీద ‘బందర్’ అని కనిపిస్తే ఫక్కున నవ్వొచ్చింది. పారశీకంలో రేవు అని అర్థం, మలయ్‌లో పట్టణం అయింది.

నడక సంగతి. ఇళ్ల ముందు అరుగులుంటాయి గానీ ఒక్కో ఇంటి అరుగు ఒక్కో ఎత్తు. అత్తగారిని రోడ్డు వారనే నడిపించండి. బొమ్మలు తగిలించి పాటలు హోరెత్తించే రిక్షాలుంటాయి, ఎక్కేముందే బేరం తేల్చుకోండి. నేను తేల్చుకోలేదు, దిగాక చెల్లించుకున్నాను.

తిండి దగ్గర జాగ్రత్త. ఓ హోటల్లో తూటికూర వేపుడే కదా అని తెప్పించుకుంటే సగం తిన్నాక వాసన తగిలింది. బెలాచాన్ అని, రొయ్యల ముద్ద. ఆకుకూరలోనూ వేసేస్తారు. ముందే ‘తక్ నక్ బెలాచాన్’ అనండి, వద్దని అర్థం. అరిటాకు భోజనాలు కావాలంటే బెందహారా వీధి వైపు మనవాళ్ల హోటళ్లున్నాయి. చెందోల్ మాత్రం అత్తగారికి నిశ్చింతగా ఇప్పించండి. ఆకుపచ్చ బియ్యప్పిండి సేమియా, కొబ్బరిపాలు, తురిమిన ఐసు, పైన కొబ్బరిచెట్టు నీరాతో కాచిన గుల మలాక బెల్లం. గుల అంటే మన గుడమే.

ప్రశ్న: కంపుంగ్ క్లింగ్ అంటే కళింగుల పేట అని విన్నాను. అంటే మా శ్రీకాకుళం వాళ్లేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, పలాస

జవాబు: పేరు కళింగం నుంచే వచ్చింది నాయనా, మనుషులు మాత్రం మీవాళ్లొక్కరే కారు. మన తూర్పు తీరం నుంచి వెళ్లిన ప్రతివాడినీ, తమిళుడైనా తెలుగువాడైనా, అక్కడ క్లింగ్ అనేశారు. 1511లో పోర్చుగీసువాళ్లు ఊరు పట్టుకోకముందు, సుల్తానుల కాలంలో రేవులో నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు, ఉండేవారు. గుజరాతీల కోసమే ఒకడు. క్లింగులకీ, బెంగాల్, బర్మాలోని పెగు, సుమత్రాలోని పసై వాళ్లకీ కలిపి ఇంకొకడు.

ఒక్క హెచ్చరిక. ఇవాళ అక్కడ ఆ మాట తిట్టు. నాకు తెలియక మసీదు ఎదురు టీకొట్లో ‘మేమూ క్లింగులమే’ అని గొప్పగా చెప్పుకున్నాను. కొట్టు నడిపే అరవాయన తిరగబోస్తున్న టీ ఆపి, గ్లాసు కింద పెట్టి, “అమ్మా, ఆ పేరు మసీదు బోర్డు మీదే ఉండనీండి” అన్నాడు.