తీసేసిన ఎముక మళ్లీ వస్తుందా?

ప్రశ్న: జబ్బ ఎముక పుచ్చిపోయిన ఒక పిల్లాడికి 1880 ప్రాంతంలోనే వేరే పిల్లల ఎముకలు పెట్టి కొత్త ఎముక పెంచారని విన్నాను. నిజమేనా? పరాయి ఎముక ఎలా అతుక్కుంది? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నిజమే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విలియం మెక్‌యువెన్ అనే శస్త్రవైద్యుడు చేశారు. చీముపట్టి జబ్బ ఎముక నడిమి కాడంతా చచ్చిపోతే తీసేయాల్సి వచ్చింది. మామూలుగా ఎముకను అంటుకుని ఉండే పొర మిగిలితే దాని లోపలే కొత్త ఎముక తయారవుతుంది. ఇక్కడ ఏడాది దాటినా రాలేదు. చెయ్యి వేలాడిపోయింది.

ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో దొడ్డికాళ్లు పడ్డ పిల్లలకు కాలు నిటారు చేసేటప్పుడు ముంగాలి ఎముకలోంచి ఒక వైపు మందంగా, మరో వైపు సన్నగా ఉండే ముక్కను తీస్తారు. ఎటూ పారేసేదే. మెక్‌యువెన్ దాన్ని అప్పటికప్పుడే ఉలితో చిన్నచిన్న ముక్కలు చేసి, జబ్బ కండరాల మధ్య చేసిన గాడిలో పేర్చారు. ఒక్కసారితో కాలేదు, మూడు విడతలు పట్టింది. ఆ చెయ్యి పనికొచ్చింది. 1881లో రాయల్ సొసైటీ ప్రచురణలో ఆ వివరాలు వచ్చాయి.

చిన్న ముక్కలే ఎందుకంటే, వాటిలోకి చుట్టూ ఉన్న రక్తనాళాలు త్వరగా పాకుతాయి. పెద్ద దిమ్మ పెడితే నడిమధ్యకు రక్తం అందేసరికి ఆలస్యమవుతుంది. ముక్కలే బతికి పెరిగాయని మెక్‌యువెన్ నమ్మకం. అక్కడ మాత్రం ఆయన పొరబడ్డారు. పరాయి ఎముకలోని కణాలు చచ్చిపోతాయి. పందిరికి తీగ అల్లుకున్నట్టు ఆ ముక్కల మీద పిల్లాడి సొంత ఎముకే అల్లుకుంటుంది. చీము మిగిలుంటే మాత్రం ముక్కలు ఒక్కొక్కటే పుండులోంచి బయటకొచ్చేస్తాయి. అందుకే ఈ పనికి, గాయంలోని క్రిములను చంపే లిస్టర్ అనే వైద్యుడి కార్బాలిక్ ఆసిడ్ పద్ధతి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ప్రశ్న: పొర ఉంటే పెద్దవాళ్లకూ పెరుగుతుందా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తక్కువ. పిల్లల్లో పొర దళసరి, ముంజకాయ తొక్కలా తేలిగ్గా ఊడొస్తుంది. పెద్దల్లో పల్చన, ఎముకను గట్టిగా పట్టుకుంటుంది. ఎముక పుట్టించే కణాలు పొర లోపలి వరసలో ఉంటాయి. లాగి చింపితే అవి ఎముకకే అంటుకుని మిగిలిపోతాయి. ఫ్రాన్స్‌లో లియోన్ వైద్యుడు ఒలియే అందుకే లాగకుండా, గోకుడుపనిముట్టుతో ఎముకకు ఆనించి గీకుతూ పొరను లేపేవారు. కుందేలు ఎముక పొరను చర్మం కింద పెట్టినా ఎముక పుట్టిందని ఆయనే చూపించారు. ఇప్పుడైతే పెద్దలకు సాధారణంగా సొంత తుంటి ఎముక అంచులోంచి మెత్తటి ఎముక తీసి పెడతారు.