జావా వచ్చు, ఆరోగ్య రంగంలో కొలువు కావాలి

ప్రశ్న: మాది హన్మకొండ. జావాలో నాలుగేళ్ల అనుభవం ఉంది. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ వదిలి ప్రజారోగ్యానికి పనికొచ్చే ఉద్యోగం చేయాలనుంది. ఎలా?

జవాబు: జావా వచ్చు కాబట్టి దారి దగ్గరే. ఆస్పత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ఆరోగ్య గణాంకాలు సేకరించే ఓస్లో విశ్వవిద్యాలయం వారి డీహెచ్‌ఐఎస్2 జావాలోనే నడుస్తాయి. కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. రాజీనామాకు ముందే వాటిలో రెండుమూడు లోపాలు సరిచేసి పంపండి. సర్టిఫికెట్ల కన్నా అదే బరువు.

సొంత యాప్ మాత్రం మొదలుపెట్టకండి, అందులో చిక్కులెక్కువ. ఏటూరునాగారం అడవుల్లో సిగ్నల్ అందని గూడేలున్నాయి. నెట్ లేనప్పుడు కూడా యాప్‌లో వివరాలు నమోదు కాకపోతే ఆశా కార్యకర్త మళ్లీ కాగితం రిజిస్టరే పట్టుకుంటుంది. ఫోన్‌లోని నమోదులు సర్వర్‌కు చేరే సింక్ మధ్యలో తెగి మళ్లీ పంపితే అదే నమోదు రెండుసార్లు పడొచ్చు. అందుకే ప్రతి నమోదుకూ గుర్తింపు సంఖ్య (ఐడీ) సర్వర్‌లో కాదు, ఫోన్‌లోనే పుట్టాలి; అప్పుడు రెండోసారి వచ్చినది పాతదేనని సర్వర్ గుర్తుపడుతుంది.

జీతం తగ్గొచ్చు. ప్రాజెక్టు నిధులు ఎన్నాళ్లకున్నాయో చేరేముందే రాతపూర్వకంగా అడగండి.