నాన్నగారి పుస్తకం ఎవరి ప్రెస్సులో?

ప్రశ్న: మా నాన్నగారు తెనాలిలో అద్దె గదిలో పాత ట్రెడిల్ మిషన్‌తో ప్రెస్సు పెట్టి మా ఇద్దరన్నదమ్ముల్నీ పెంచారు. తర్వాత సొంత గది కొన్నారు. వచ్చే నెల ఆయన సంవత్సరీకం. వంద పేజీల స్మారక సంచిక వేయించాలని హైదరాబాద్‌లో కొటేషన్ తీసుకున్నాను. తమ్ముడికి చదువు అబ్బలేదు, ఇంటర్‌తో ఆపేసి ప్రెస్సులో కూర్చున్నాడు. ఒక్క పేజీ రాసివ్వడు, ఫొటోలు పంపడు. ఎప్పుడు ఫోన్ చేసినా సంతకాల గొడవే. వీలునామా లేదు కాబట్టి సంవత్సరీకం అయ్యాక చూద్దామన్నాను. పుస్తకంలో ఏమేం ఉండాలి? వాణ్ణి ఎలా ఒప్పించాలి?
– ఒక కొడుకు, హైదరాబాద్

జవాబు: పుస్తకంలో ఏముండాలన్నది తర్వాత. సంచిక వచ్చే ఏడాదైనా వేసుకోవచ్చు. నాకు గుచ్చుకున్నది కొటేషన్ మాట. జన్మంతా ఊరందరి శుభలేఖలూ అచ్చువేసిన మనిషి మీద పుస్తకం, ఆయన ప్రెస్సు ఉండగా ఇంకోచోటా? ‘ముద్రణ’ అన్నచోట ఎవరి పేరు వేయిస్తారు? మీ తమ్ముడికి కోపం రాకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

‘చదువు అబ్బలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ రోజుల్లో కంపోజింగ్ అంటే గంటల తరబడి నిలబడి, సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, ఒత్తులు చూసుకుని పేర్చడం. మాఘమాసం ముహూర్తాలకు తెల్లవార్లూ మిషన్ ఆడాలి, ఆషాఢంలో గల్లాపెట్టె ఖాళీ. ఆ తర్వాత కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే డీటీపీ, ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చి ట్రెడిల్‌ని తూకానికి అమ్ముకుని మూసేసినవాళ్లు ఎందరో. మీ ప్రెస్సు నిలబడిందంటే ఆయన ఒక్కరి వల్లే అనుకుంటున్నారా? మీరెరిగిన నాన్న నెలనెలా ఫీజు పంపిన నాన్న. రెండోవైపు మనిషిని చూసినవాడు మీ తమ్ముడే.

ఇక ఆ ‘సంతకాల గొడవ’. చనిపోయినవారి పేరున జీఎస్టీ రిజిస్ట్రేషన్ నడవదు, వ్యాపారం అందుకున్నవాళ్లు తమ పేరున తీసుకోవాలి. ఆయన ఒక్కరి పేరున ఉన్న కరెంట్ ఖాతా బ్యాంకులో ఆగిపోతుంది. గది ఆయన పేరునే ఉంటే వారసుల ఒప్పుదల కాగితం అడుగుతారు. ఇన్ని నెలలుగా అతను బిల్లు ఎవరి పేరున రాస్తున్నాడో, కాగితం సరుకు ఎలా తెస్తున్నాడో ఒక్కసారైనా అడిగారా?

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో అమ్మకీ, మీ ఇద్దరికీ సమాన వాటాలు. ప్రెస్సులో ఎవరు ఎన్నేళ్లు చాకిరీ చేశారో చట్టం అడగదు. అన్నగారు మీరు అడగాలి. వాటా వదులుకోమని నేను చెప్పను, అది మీ ఇష్టం, అమ్మ ఇష్టం. (ఆవిడ మాట మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు!) కానీ సంతకం బిగబట్టి, అదే తమ్ముణ్ణి నాన్న గొప్పతనం మీద వ్యాసం రాయమనడం ఏం మర్యాద?

కొటేషన్ ఇచ్చినవాళ్లకు వద్దని చెప్పేసి, ఈ ఆదివారమే తెనాలి వెళ్లండి. అమ్మ ఎదురుగా కూర్చుని ఆ కాగితాలు చదవండి. అర్థంకానిది ఆడిటర్‌ని అడగండి, పెట్టగలిగినచోట అక్కడే సంతకం పెట్టండి. పుస్తకం ఊసు మీరు ఎత్తకండి. అతనే ఎత్తితే, పుస్తకం ఎన్ని ఫారాలవుతుందో (ఒక పెద్ద షీటు మీద అచ్చయ్యే పేజీలన్నీ కలిపి ఒక ఫారం), ఎప్పటికి ఇవ్వగలడో కనుక్కుని, అందరిలాగే అడ్వాన్సు ఇచ్చి రండి.