గొంతు మీద పని చేయాలంటే డాక్టరే కావాలా?

ప్రశ్న: మాది కందుకూరు. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా అమ్మ టీచర్, ఆరు నెలలుగా గొంతు బొంగురు. నెల్లూరులో ఈఎన్‌టీ డాక్టర్ కెమెరా పెట్టి స్వరపేటిక చూపించారు. చిన్న బుడిపెలున్నాయని స్పీచ్ థెరపీకి పంపారు. నాకూ ఆ పని నేర్చుకోవాలనుంది. నీట్‌లో ర్యాంకు రాకపోతే దారి లేదా?

జవాబు: ఉంది తల్లీ. ఆపరేషన్ చేయాలనుంటే మాత్రం ఎంబీబీఎస్, ఆపైన ఎంఎస్ ఈఎన్‌టీ, మొత్తం ఎనిమిదిన్నరేళ్లు. థెరపీకి బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల చికిత్స నేర్పే బ్యాచిలర్ కోర్సు) అని వేరే డిగ్రీ ఉంది, నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్.

కెమెరాలో స్వరపేటికలోని ఆ తెల్లటి రెండు పట్టీలు (స్వర తంత్రులు) చూసి మురిసిపోయినట్టున్నావు గానీ, వాటి అసలు డ్యూటీ మాట్లాడించడం కాదు. అన్నం తింటూ నవ్వితే పొలమారుతుంది, నాయనమ్మ నెత్తిన తట్టి ఎవరో తలుచుకుంటున్నారంటుంది, నిజానికి అప్పుడు స్వరపేటిక మూసుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైందంతే. మెతుకు ఊపిరి గొట్టంలోకి పోకుండా కాపలా కాయడం దాని మొదటి పని. మాట ఆ తర్వాతే. కింద నుంచి వచ్చే గాలికి ఆ పట్టీలు మగవాళ్లలో సెకనుకు 100కు పైగా, ఆడవాళ్లలో 200 దాకా కొట్టుకుంటాయి. క్లాసులో రోజంతా అరిస్తే ఆ ఒరిపిడికి, పార పట్టిన అరచేతిలాగే, అక్కడా కాయలు కాస్తాయి. అమ్మకొచ్చినవి అవే. (ముందు ఆవిడకొక చిన్న మైకు కొనిపెట్టండి.)

ఇదంతా ఎందుకంటే, ఈ కోర్సు చదివాక గొంతు కేసులే వస్తాయనుకోవద్దు. మూడేళ్లొచ్చినా మాట రాని పిల్లలు, పక్షవాతమొచ్చి గుక్కెడు నీళ్లకే పొలమారే పెద్దవాళ్లు, వినికిడి పరీక్షలు కూడా నీ పనే. పిల్లవాడి నోట ఒక్క "అత్త" పలికించడానికి నెలలు పట్టొచ్చు. ఆ ఓపిక నీకుందో లేదో నాకు తెలీదు.

చదవడానికి మైసూరులో 1965లో పెట్టిన ఐష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) మంచి చోటు, దగ్గరలో కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ కేంద్రం. ప్రవేశాల సంగతి ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకో. ప్రైవేటు కాలేజీ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టించకు నాన్న చేత, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ లేకపోతే ప్రాక్టీసే లేదు.

ఈసారి అమ్మతో థెరపీకి వెళ్లినప్పుడు బయట బెంచీ మీద ఒక పూట కూర్చో. లోపలికి ఎవరెవరు వెళ్తున్నారో చూసి మళ్లీ రాయి.