గీతలు పాకే వంటగది, తెల్లబారిపోయిన ముఖం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి చివర ఒకే ప్రశ్న ఉంది: "ఏ ఫోన్ కొనుక్కోమంటారు?" రాజమండ్రిలో పెళ్లి వీడియోలు తీస్తూ బతుకుతున్నవాణ్ణి, కొత్త కెమెరా అంటే నాకూ ఇష్టమే. అయినా మీరు పంపిన క్లిప్పులన్నీ పెద్ద తెర మీద వేసుకుని చూశాక చెబుతున్నాను. వీటిలో రిపేరు దాకా వెళ్లాల్సినవి రెండే. మిగిలినవి చాలావరకు వెలుతురుతో వచ్చిన తంటాలు, పెద్ద ఖర్చు లేకుండానే తీరతాయి.

*

"పాత ఫోన్ ఇచ్చేసి ఇరవై ఎనిమిది వేలు పెట్టి కొత్తది కొన్నాను. యూట్యూబ్‌లో వంటల వీడియోలు పెడుతుంటాను. పగలు బాగానే వస్తోంది. రాత్రి వంటగదిలో తీస్తే వీడియో మీద నల్లటి అడ్డగీతలు పాకుతున్నాయి. పైగా అన్నం గిన్నె కెమెరా ముందుకు రాగానే మొత్తం చీకటైపోతోంది. షాపువాళ్లు ఫోన్‌లో ఏ లోపమూ లేదంటున్నారు."
— ఒక గృహిణి, తణుకు

షాపువాళ్లు చెప్పింది నిజమేనమ్మా. లోపం మీ వంటగది బల్బులో ఉంది. మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. దాంతోపాటు బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. అంత వేగం మన కంటికి అందదు. మంచి ఎల్‌ఈడీ బల్బులో ఈ హెచ్చుతగ్గులను సరిచేసే భాగం ఉంటుంది. చౌక బల్బుల్లో అది సరిగా ఉండదు. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్‌దీ ఇదే గొడవ. ఫోన్ కెమెరా బొమ్మనంతా ఒకేసారి పట్టుకోదు, వరస తర్వాత వరసగా చదువుకుంటూ పోతుంది. వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరసలు నల్లగా పడతాయి. మీకు కనిపిస్తున్న గీతలు అవే.

దోషి ఏ బల్బో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, ఒక్కో లైటే వేసి, దాని వెలుగు పడిన గోడను కొన్ని సెకన్లు తీయండి. తర్వాత చూడండి. మంచి బల్బు అయితే గోడ నిలకడగా ఉంటుంది, చెడ్డదైతే టపటపా కొట్టుకుంటుంది. మీరు పంపిన క్లిప్పులో స్టవ్ మీద ఉన్న లైటు, వెనక గోడ లైటు రెండూ పడుతున్నాయి. గీతలు స్టవ్ వైపే ఎక్కువ ఉన్నాయి కాబట్టి నా అనుమానం ఆ లైటు మీదే. ముందు దాన్ని మార్చి చూడండి.

బల్బు మార్చకుండా సరిచేయాలంటే షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి (వీడియోలోని ఒక్కో బొమ్మకి) కెమెరా వెలుతురు పట్టే సమయం, మీరే పెట్టాలి. సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే, ప్రతి ఫ్రేమ్‌లోనూ వెలుగు హెచ్చుతగ్గులు పూర్తి చుట్లుగా పడి గీతలు మాయమవుతాయి. కొన్ని ఫోన్లలో వీడియోకి కూడా ప్రో మోడ్ ఉంటుంది, అందులో ఇది మనమే పెట్టుకోవచ్చు. లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది, మీ ఫోన్‌కి దొరుకుతుందేమో చూసుకోండి. కొన్ని ఫోన్ల సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, అక్కడ 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు అని అర్థం) ఎంచుకోండి. ఐఫోన్ వాడేవాళ్లు కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ (PAL) ఫార్మాట్లు ఆన్ చేస్తే సెకనుకు 25 ఫ్రేముల్లో తీసే వీలు వస్తుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి మనవాళ్లు 1/60, 1/120 పెట్టుకోవాలి. అక్కడివాళ్లు చెప్పే సెట్టింగ్ తణుకులో పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఇక అన్నం గిన్నె సంగతి. ఫోన్ తన ముందు ఉన్నదంతా కలిపి ఒక మోస్తరు వెలుగుకు తేవాలని చూస్తుంది. తెల్లటి అన్నం ఫ్రేమ్ నిండా రాగానే, వెలుగు ఎక్కువైందనుకుని అంతా తగ్గించేస్తుంది. నల్లటి మూకుడు రాగానే పెంచేస్తుంది. వంట మొదలుపెట్టే ముందు స్టవ్ పక్కన మీ చెయ్యి పెట్టి, తెర మీద ఆ చేతిని వేలితో నొక్కి అలాగే ఉంచండి. లాక్ గుర్తు కనిపిస్తుంది. ఇక గిన్నెలు ఎన్ని మారినా వెలుగు మారదు. వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచూసే సెట్టింగ్) లాక్ చేసే వీలుంటే అదీ చేయండి, లేకపోతే ముద్దపప్పు ఒకసారి పసుపుగా, ఇంకోసారి పాలిపోయినట్టు కనిపిస్తుంది.

లైట్ల రంగులు కూడా కలవకుండా చూసుకోండి. బల్బు డబ్బా మీద 3000కె అని ఉంటే పసుపు వెలుగు, 6500కె అని ఉంటే తెల్లటి వెలుగు. రెండూ ఒకే గదిలో వేస్తే ఫోన్ ఎటూ తేల్చుకోలేదు. పగలు తీసేటప్పుడు కిటికీ వెలుతురు చాలినంత ఉంటే లైటు ఆర్పేయండి. స్టవ్‌కి పక్క నుంచి కిటికీ వెలుతురు పడితే పోపులో ఆవాలు చిటపటలాడడం కూడా కళ్లకు కట్టినట్టు వస్తుంది. నెత్తి మీది లైటుకు ఆ పనితనం రాదు.

ఇంకో మాట, మీ క్లిప్పులో బల్బు చుట్టూ తెల్లటి చారలు సాగాయి. అది లెన్స్ మీది జిడ్డు. చీర చెంగుతో తుడవకండి, చెంగుకీ వంటింటి జిడ్డే ఉంటుంది. కళ్లజోడు తుడుచుకునే గుడ్డ ఒకటి స్టవ్‌కి దూరంగా విడిగా ఉంచుకోండి.

*

"మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శన ఇచ్చింది. అయిదో వరసలో కూర్చుని తీశాను. ముఖం మొత్తం తెల్లగా కరిగిపోయింది. ఊదారంగు లైటు వేసినప్పుడు పట్టుచీర మీద కుచ్చిళ్లే కనబడలేదు. ఫొటోలన్నీ మసక. వచ్చే నెల మళ్లీ ప్రదర్శన ఉంది, టెన్షన్‌గా ఉంది."
— ఒక తండ్రి, ఖమ్మం

మీ వీడియో మొత్తం చూశాను. పాప అభినయం ఎంత బాగుందో! ఆ ముఖం కనబడకపోవడం నాకూ బాధగానే ఉంది. మొదటి ప్రశ్నలో చెప్పిన కారణమే ఇక్కడా. వెనక నల్ల తెర, మధ్యలో పాప మీద లైటు. ఫోన్ ఆ నల్ల తెరను కూడా లెక్కలో వేసుకుని వెలుగు పెంచేసింది, దాంతో ముఖం కాలిపోయింది. ప్రదర్శన మొదలవగానే తెర మీద పాప ముఖాన్ని నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. బొమ్మ కొంచెం చీకటిగా ఉందే అనిపించేదాకా లాగండి. చీకటిగా పడినదాన్ని తర్వాత ఎంతోకొంత పైకి లేపొచ్చు. తెల్లగా కాలిపోయిన చోట కన్నూ ముక్కూ ఏదీ నమోదు కాదు, ఎవరూ తిరిగి తేలేరు. ఊదా, నీలం, ఎరుపు ఎల్‌ఈడీ లైట్ల కింద పట్టుచీర మడతలు పోవడం కూడా ఇంచుమించు ఇదే. ఆ ఒక్క రంగు నిండిపోయి పొంగిపోతుంది. దానికీ మందు వెలుగు తగ్గించడమే.

మీరు సెకనుకు 60 ఫ్రేముల్లో తీశారు. అప్పుడు ఒక్కో ఫ్రేమ్‌కి ఎంత సాగదీసినా సెకనులో 60వ వంతు సేపే వెలుతురు అందుతుంది. 30కి మార్చండి, దానికి రెట్టింపు దాకా అందుతుంది. బొమ్మలో పురుగుల్లా కదిలే చుక్కలు తగ్గుతాయి.

జూమ్ జోలికి పోవద్దు. చాలా ఫోన్లలో దూరాన్ని పట్టే లెన్స్ వెనక సెన్సర్, అంటే వెలుతురును బొమ్మగా పట్టే భాగం, చిన్నది. వెలుతురు తక్కువైతే ఫోన్ దాన్ని పక్కనబెట్టి, మామూలు కెమెరా బొమ్మనే కోసి పెద్దది చేసి చూపిస్తుంది. 3 రెట్లు అని తెర మీద రాసి ఉన్నా జరిగేది అదే. దానికంటే గురువుగారినో నిర్వాహకులనో ముందే అడిగి, మొదటి వరసలో పక్కగా సీటు తీసుకోండి. తల్లిదండ్రులు అడిగితే కాదనేవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు.

ఫొటోలకు నైట్ మోడ్ ఆపేయండి. అది కొన్ని ఫ్రేములు తీసి ఒకటిగా అతుకుతుంది. నిశ్చలంగా ఉన్న గుడి గోపురానికి బాగుంటుంది, కదిలే పాదాలకు కాదు. జతి ముగిసేచోట నర్తకి ఒక్క క్షణం నిలుస్తుంది చూడండి, ఆ నిలుపులో నొక్కండి. ఇంట్లో సాధన చూసేటప్పుడే ఆ చోట్లు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

*

"గణేశ్ నిమజ్జనం ఊరేగింపులో డీజే లైట్లు వీడియో తీశాను. అప్పటినుంచి ప్రతి ఫొటోలో నిలువుగా ఆకుపచ్చ గీత వస్తోంది. రీసెట్ కూడా చేశాను."
— ఒక విద్యార్థి, హైదరాబాద్

తమ్ముడూ, ముందు ఆ ఫొటో ఇంకొకరి ఫోన్‌కి పంపి చూడు. అక్కడ గీత లేకపోతే పోయింది నీ ఫోన్ తెర. అక్కడా ఉంటే, సెల్ఫీ కెమెరాతో ఒకటి తీసి చూడు. అందులో రాకుండా వెనక కెమెరాలోనే వస్తే సెన్సర్ దెబ్బతిన్నట్టే. డీజే బండ్ల మీద తిప్పే లేజర్ కిరణం నేరుగా లెన్స్‌లోకి వస్తే, భూతద్దంతో కాగితం కాల్చినట్టు ఒక్క చుక్కలోకి కుదించుకుని సెన్సర్ మీద పడుతుంది. ఒక్క క్షణం చాలు. రీసెట్ చేసినా, యాప్ మార్చినా, తుడిచినా అది పోదు. సర్వీస్ సెంటర్‌లో కెమెరా భాగం మార్పించాలి.

పెళ్లి రిసెప్షన్లలో కూడా ఇప్పుడు లేజర్లు పెడుతున్నారు. నేను ముందే ఆ లైట్ల అబ్బాయితో మాట్లాడి, కిరణాలు జనం వైపు దించొద్దని చెబుతాను. కెమెరాల కోసమే కాదు, ముందు వరసలో కూర్చున్న పిల్లల కళ్ల కోసం. మీ ఇంట్లో ఫంక్షన్ ఉంటే మీరూ గట్టిగా చెప్పండి.

*

"నా ఫోన్‌లో స్పష్టంగా ఉన్న వీడియో వాట్సాప్‌లో చెల్లికి పంపితే మసకగా వెళుతోంది."
— ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం

పంపేటప్పుడు వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. హెచ్‌డీ గుర్తు నొక్కితే కొంత నయం, కానీ అదీ అసలు వీడియో కాదు. ఉన్నది ఉన్నట్టు వెళ్లాలంటే ఫొటోల్లోంచి కాకుండా డాక్యుమెంట్‌గా జత చేయండి, 2 జీబీ దాకా వెళుతుంది. సెకనుకు 30 ఫ్రేముల్లో 4కె పెట్టి తీస్తే ఐఫోన్‌లో నిమిషానికి దాదాపు 170 ఎంబీ అవుతుంది, అదే 1080పి అయితే 60 ఎంబీ. చెల్లెలు ఫోన్‌లోనే చూసేటట్లయితే 1080పి చాలు. వాట్సాప్ లోపలి కెమెరాతో మాత్రం తీయకండి, ఫోన్ సొంత కెమెరాతో తీసి పంపండి.

*

"డెలివరీ పని. ఫోన్ బైక్ హ్యాండిల్‌కి బిగించి మ్యాప్ చూస్తాను. ఈ మధ్య కెమెరా తెరిస్తే బొమ్మ వణుకుతోంది, ఏదో గుయ్యిమని చప్పుడు కూడా వస్తోంది."
— ఒక పాఠకుడు, విజయవాడ

చెయ్యి వణికినా బొమ్మ నిలవడానికి చాలా ఫోన్లలో లెన్స్‌నో సెన్సర్‌నో అయస్కాంతాలతో తేలుతున్నట్టు పట్టి ఉంచుతారు. ఇంజిన్ అదురు రోజంతా తగిలితే ఆ అమరిక పాడవుతుంది. పెద్ద ఇంజిన్ బైకుల హ్యాండిల్‌కి ఐఫోన్ బిగించొద్దని, చిన్న బండ్లకైనా అదురు పీల్చే మౌంట్ వాడమని ఆపిల్ సంస్థే 2021లో చెప్పింది. మిగతా ఫోన్లలోనూ ఉన్నది అలాంటి అమరికే.

వైడ్ కెమెరాకి, అంటే 0.5కి, మార్చి చూడండి. చాలా ఫోన్లలో దానికి ఈ అమరిక ఉండదు. అందులో బొమ్మ నిలిచి, 1కి రాగానే వణికితే పోయింది అదే. భాగం మార్పించడం తప్ప దారి లేదు. బాగుచేయించాక ఫోన్ జేబులో పెట్టుకుని, చెవిలో దారి వింటూ వెళ్లండి. ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవి రోడ్డుకి ఉండాలి.

*

"మిరప చేలో తెగులు ఫొటో తీసి వ్యవసాయ అధికారికి పంపితే ఏమీ కనబడడం లేదన్నారు. మధ్యాహ్నం ఎండలో తెరే సరిగా కనిపించదు. దగ్గరగా పెట్టే తీశాను."
— ఒక రైతు, పల్నాడు జిల్లా

అంత దగ్గరగా పెట్టడమే మసకకు కారణం. పెద్ద సెన్సర్ ఉన్న ఫోన్లలో ప్రధాన కెమెరా జానెడు లోపలి వస్తువును స్పష్టంగా పట్టలేదు. మూరెడు దూరం జరిగి, జూమ్ 2 పెట్టి తీయండి. ఇందాక జూమ్ వద్దన్నది చీకటి హాలు మాట, పట్టపగలు చేలో ఇబ్బంది లేదు. మాక్రో అని పేరుపెట్టిన 2 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే దాన్ని వదిలేయండి, దానితో పురుగు కాళ్లు కూడా తెలియవు.

నడినెత్తిన ఎండలో ఆకు మీద తెల్లటి మెరుపు పడి మచ్చలు కనబడవు. ఆకు మీద మీ నీడ పడేలా నిలబడండి, లేదా తువ్వాలు అడ్డం పట్టించండి. ఆకు వెనక అరచెయ్యి పెడితే ఫోన్ దూరపు మట్టి మీద కాకుండా ఆకు మీదే ఫోకస్ చేస్తుంది. గాలికి మొక్క ఊగుతుంటే కొమ్మను రెండో చేత్తో పట్టుకోండి. ఎండలో ఫోన్ వేడెక్కితే తెర వెలుగు దానంతట అదే తగ్గిపోతుంది. ఫోన్ చెట్టు నీడలో కాసేపు పెట్టి మళ్లీ తీయండి, నీళ్లతో మాత్రం చల్లబరచకండి. వీలైతే ఉదయం ఎనిమిది లోపు వెళ్లండి.

ఒక్క ఫొటో పంపితే అధికారికి తేలదు. మొక్క మొత్తం ఒకటి, ముడుచుకున్న ఆకు పైభాగం ఒకటి, అడుగు భాగం ఒకటి తీయండి. 2021-22లో మన మిరపను ముంచేసిన నల్ల తామర పురుగు పువ్వుల్లో చేరుతుంది, కాబట్టి ఒక పువ్వును తెల్ల కాగితం మీద దులిపి, ఆ కాగితాన్ని నీడలో పెట్టి దాని ఫొటో కూడా పంపండి. అన్నీ డాక్యుమెంట్‌గానే పంపండి, లేకపోతే ఆ చిన్న చుక్కలు దారిలోనే చెరిగిపోతాయి.